అంతిమ శుశ్రూషకై ఇరువదియారు మైళ్ళు

పరుగు పందెములు మనకు క్రొత్తవి కావు. పాఠశాల వార్షికోత్సవములో జరుగు నూరు గజముల పరుగు మొదలుకొని ఒలింపిక్ క్రీడల వరకు అనేక విధములైన పందెములను గూర్చి మనము వినియున్నాము. గెలిచినవానికి పతకము, ఓడినవానికి ఓదార్పు, చూచువారికి వినోదము; ఇవి పందెము వలన కలుగు ఫలములు. గత నాలుగైదు దశాబ్దులలో మరియొక ఫలము వీనికి తోడైనది. పరుగెత్తువాడు తన కొరకు గాక రోగుల కొరకు పరుగెత్తి, ఆ పరుగు పేర చందాలు కూడబెట్టి వారి శుశ్రూషకు ఇచ్చుట ఆచారమైనది. అందును, కోలుకొను ఆశ లేని రోగులను చేరదీయు శుశ్రూషాలయముల కొరకు జరుగు దీర్ఘమైన పరుగును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట చూచినపుడు ఈ రెండింటికిని పొత్తు కుదిరినట్లు తోచదు. ఒకచోట కండబలము, వేగము, జనసమ్మర్దము, కేకలు. మరియొకచోట మంచము, మౌనము, మందకొడిగా సాగు గడియారము. ఇంత దూరములోనున్న రెండు స్థలములను కలిపిన దారి యెట్టిదో తెలిసికొనుటకు మనము లండను నగరమునకు పోవలెను. నేడు మారథాను పరుగునకు ప్రపంచమంతట అంగీకరింపబడిన కొలత ఆ నగరములోనే పుట్టినది. నేటి హాస్పిస్ ఉద్యమమును అక్కడనే పుట్టినది.

మారథాను కథ గ్రీసు దేశముది. క్రీస్తు పూర్వము 490లో మారథాను యుద్ధరంగము నుండి ఏథెన్సు వరకు ఒక వార్తాహరుడు పరుగెత్తి, విజయవార్త చెప్పి ప్రాణము విడిచెనని ఐతిహ్యము. 1896లో ఏథెన్సులో ఒలింపిక్ క్రీడలు పునఃప్రారంభమైనపుడు ఆ కథను పురస్కరించుకొని ఈ పందెము నెలకొల్పిరి. 1908లో లండనులో జరిగిన క్రీడలకు విండ్సరు రాజప్రాసాదము నుండి క్రీడారంగము వరకు దారి నిర్ణయించిరి. ఆ దారి 26 మైళ్ళ 385 గజములు, అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. తరువాత అదియే స్థిరమైన కొలతయైనది.

ఆ 1908 పందెములో జరిగిన సంగతి యొకటి మన ప్రసంగమునకు చాల దగ్గరగా నున్నది. ఇటలీ దేశస్థుడు డొరాండో పియెట్రి అందరికంటె ముందుగా క్రీడారంగములో ప్రవేశించెను. కాని అప్పటికే ఆతని శక్తి యుడిగినది. దారి తప్పెను, పడెను, లేచెను, మరల పడెను. చూడలేక అధికారులు ఆతనిని లేవనెత్తి గీత దాటుటకు తోడ్పడిరి. ఆ తోడ్పాటే ఆతనికి చేటైనది. ఇతరుల సహాయముతో గీత దాటినందున ఆతని గెలుపు చెల్లదని తీర్మానించి, అమెరికా దేశీయుడు జాన్ హేస్‌కు స్వర్ణపతక మిచ్చిరి. మరునాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రి ధైర్యమును మెచ్చి ఒక పాత్రను బహూకరించెను. పందెపు న్యాయము అట్టిది: చివరి గజములలో పరుల చేయి తగులరాదు. జీవితపు చివరి గజములకు ఆ న్యాయము పనికిరాదు. అక్కడ పరుల చేయియే కావలెను. ఆ చేయి అందించుటకే హాస్పిస్ ఏర్పడినది.

హాస్పిస్ అను మాటకు పూర్వము బాటసారుల సత్రము అని యర్థము. తీర్థయాత్రకు పోవువారు, దారిలో జబ్బుపడినవారు తలదాచుకొను చోటది. మన సత్రములును, చలివేంద్రములును ఆ ధర్మమునకు చెందినవే. ఆ పాత మాటకు క్రొత్త యర్థము కల్పించిన మహిళ సిసిలీ సాండర్స్. ఆమె 1918లో జన్మించెను. మొదట నర్సుగా పనిచేసి, వెన్నునొప్పి వలన ఆ పని మాని, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగినిగా చేరెను. అక్కడ డేవిడ్ తాస్మా అను పోలండు దేశపు యూదునితో పరిచయము కలిగినది. స్వదేశమును వీడి వచ్చిన అతడు నయముకాని క్యాన్సరుతో ఒంటరిగా మంచము పట్టియుండెను. ఇట్టివారికి తగిన చోటు ఎట్లుండవలెనో వారిరువురును మాటలాడుకొనుచుండెడివారు. 1948లో అతడు మరణించుచు, ఆమె ఎన్నడైన నిర్మింపబోవు గృహములో తానొక కిటికీగా నుండెదనని చెప్పి 500 పౌండ్లు ఆమెకు విడిచిపోయెను.

ఆ 500 పౌండ్లు మూలధనముగా గృహము లేచుటకు 19 సంవత్సరములు పట్టినది. మరణించువారిని గూర్చి చెప్పిన మాట చెల్లవలెనన్నచో వైద్యులే చెప్పవలెనని గ్రహించి, ఆమె ముప్పదియవ పడిలో వైద్యవిద్యకు పూనుకొని 1957లో పట్టము పొందెను. తరువాత సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో పనిచేయుచు ఒక పద్ధతిని నిలబెట్టెను. నొప్పి వచ్చి రోగి అలమటించి అడిగిన తరువాత మందిచ్చుట గాక, నొప్పి మరల తలయెత్తక మునుపే వేళ తప్పక మార్ఫీనును నోటిద్వారా ఇచ్చుట ఆ పద్ధతి. దీనివలన రోగికి నొప్పి తగ్గుటయే గాక, నొప్పి వచ్చునేమో యను భయమును తగ్గినది. నొప్పి యనగా శరీరమునకు సంబంధించినది మాత్రమే కాదనియు, మనోవేదన, ఇంటిదిగులు, దైవచింత అన్నియు అందు కలిసియున్నవనియు ఆమె బోధించెను. 1967లో లండను ఆగ్నేయ భాగమున సిడన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ ప్రారంభమైనది. తాస్మా కోరిన కిటికీ అందు అమర్చబడినది. 2005లో సిసిలీ సాండర్స్ ఆ గృహములోనే కన్నుమూసెను.

ఇక ధనము మాట. 1948లో, తాస్మా మరణించిన ఆ సంవత్సరమే, బ్రిటను ప్రభుత్వము దేశప్రజలందరికి ఉచిత వైద్యమును ఏర్పాటు చేసెను. అట్టి దేశములో హాస్పిసులకు చందాలతో పనియేమి యని సందేహము కలుగవచ్చును. సిసిలీ సాండర్స్ తన గృహమును ప్రభుత్వ యంత్రాంగమునకు వెలుపలనే నిలిపెను. కొత్త పద్ధతిని స్వేచ్ఛగా పరీక్షించుటకును, రోగి ప్రక్కన కూర్చుండు కాలమును ఇతరులు లెక్కగట్టకుండుటకును అది అవసరమని ఆమె తలచెను. తరువాత వెలసిన హాస్పిసులలో పెక్కు ఆ మార్గమునే అనుసరించినవి. నేడు ఆ దేశమున 200కు పైగా హాస్పిసులు కలవు. పెద్దల హాస్పిసుల వ్యయములో సుమారు మూడవ వంతు మాత్రమే ప్రభుత్వము నుండి వచ్చును. మిగిలినదంతయు ప్రజలు ఇచ్చునదే. వీలునామాలు, పాతవస్తువుల దుకాణములు, ఊరి విందులు, రాత్రి నడకలు, వీనితోపాటు పరుగులు.

ధర్మకార్యములలో దీని కొక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. పాఠశాలకు చందా ఇచ్చినచో చదువుకొన్న బాలుడు పెద్దవాడై మెప్పు చెప్పును. కంటి ఆసుపత్రికి ఇచ్చినచో చూపు వచ్చినవాడు పదిమందికి చెప్పును. హాస్పిస్‌లో చేరినవాడు సాధారణముగా తిరిగివచ్చి చెప్పడు. అతడు సభలో నిలిచి కృతజ్ఞత తెలుపడు, పత్రికకు ఉత్తరము వ్రాయడు, మరుసటి యేడు చందాలకు బయలుదేరడు. మరణమును గూర్చి వినుటకు ఇష్టపడని లోకములో అతని పక్షమున మాటలాడువారు ఎవరు? ఇంటిలో మిగిలినవారు. భార్య, కొడుకు, చెల్లెలు, ప్రక్కింటి స్నేహితుడు. వారిలో ఉపన్యాసము చెప్పగలవారు కొందరే. కాని నడవగలవారు, పరుగెత్తగలవారు అనేకులు. హాస్పిసులకు పరుగు దగ్గరయగుటకు కారణమిదే యని మా అభిప్రాయము.

లండను మారథాను 1981 మార్చి 29వ తేదీన మొదలైనది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము పొందిన క్రిస్ బ్రాషర్, ఆయన మిత్రుడు జాన్ డిస్లీ దానికి స్థాపకులు. 1979లో న్యూయార్కు మారథానులో తాము స్వయముగా పాల్గొని, ఒక మహానగరము వీధులలో నిలిచి అపరిచితులను ప్రోత్సహించుట చూచి, తమ నగరములోను అట్టిది కావలెనని వారు సంకల్పించిరి. మొదటి యేడు 20,000 మందికి పైగా దరఖాస్తు పెట్టగా 7,747 మందికి అనుమతి లభించినది. వర్షములో జరిగిన ఆ పందెమున అమెరికా దేశపు డిక్ బియర్డ్‌స్లీ, నార్వే దేశపు ఇంగె సిమన్సెన్ చేతులు పట్టుకొని ఒక్కసారిగా గీత దాటిరి. ఆ దృశ్యముతో ఆ పందెము స్వభావము నిర్ణయమైనదా యనిపించును. నేడు అందు పరుగెత్తువారు 50,000 పైబడియున్నారు. 2024లో ఆ ఒక్క దినపు పరుగు వలన వివిధ ధర్మసంస్థలకు 7 కోట్ల 35 లక్షల పౌండ్లు సమకూరినవి.

ఇందు ఏర్పాటు ఎట్టిదో చెప్పవలెను. పరుగెత్తగోరువారు లక్షలు, స్థానములు వేలు. ధర్మసంస్థలు కొన్ని స్థానములను ముందుగా రుసుము చెల్లించి తీసికొనును. ఆ స్థానము కోరినవాడు సుమారు 2,000 పౌండ్లు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ, కూడబెట్టి ఇత్తునని మాట ఇయ్యవలెను. పూర్వము అతడు ఒక కాగితము పట్టుకొని ఆఫీసులోను, వీధిలోను, బంధువుల ఇండ్లలోను తిరిగెడివాడు. మైలుకు ఇంత యని దాత వ్రాసి సంతకము చేయును. పందెము ముగిసిన పిదప ఎన్ని మైళ్ళు పరుగెత్తెనో అన్ని మైళ్ళకు లెక్కగట్టి సొమ్ము వసూలు చేసికొనవలెను. నేడు కాగితము స్థానమున అంతర్జాలము వచ్చినది. పద్ధతి మారినను అందలి కిటుకు మారలేదు. చందా అడుగుటకు సిగ్గుపడువాడు సైతము, నేను 26 మైళ్ళు పరుగెత్తబోవుచున్నాను, మీరేమి ఇత్తురు అని అడుగగలడు. ఇచ్చువాడును రోగిని తలచుకొని బెదరిపోక, పరుగెత్తువానిని చూచి చిరునవ్వుతో ఇయ్యగలడు. చెప్పుటకు కష్టమైన సంగతిని చెప్పించుటకు పరుగొక మర్యాదయైన సాకు.

సాకు అన్నంత మాత్రమున అది సులభమని తలపరాదు. మారథానుకు అలవాటు లేనివాడు నాలుగైదు మాసములు సాధన చేయవలెను. శీతకాలపు వేకువలలో, చీకటిలో, చలిలో వారమునకు నాలుగు దినములైన పరుగెత్తవలెను. మూడు మైళ్ళతో మొదలిడి క్రమముగా ఇరువది మైళ్ళ వరకు పెంచవలెను. మన కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. పరుగునకు అది వంటచెరకు వంటిది. సాధారణముగా 18, 20 మైళ్ళ ప్రాంతమున ఆ నిలువ తరిగిపోవును. కాళ్ళు సీసమువలె బరువెక్కును, బుద్ధి మందగించును. గోడకు తగిలినట్లుండునని పరుగెత్తువారు చెప్పుదురు. అక్కడ నుండి మిగిలిన ఆరు మైళ్ళును దేహబలముతో గాక మనోబలముతో గడువవలసినవి.

ఆ ఆరు మైళ్ళలో అనేకులకు తోడుగా నుండునది ఒక పేరు. హాస్పిస్ పక్షమున పరుగెత్తువారి చొక్కా వెనుక తరచుగా ఒక పేరు, ఒక ఛాయాచిత్రము అంటించియుండును. అమ్మ, నాన్న, అక్క, బిడ్డ. వీధి ప్రక్కన నిలిచినవారు అది చదివి ఆ పేరు పలికి ప్రోత్సహింతురు. ఏడాది పూర్వము ఆరిపోయిన ఒక ప్రాణి పేరు రాజవీధిలో వేలమంది నోట వినిపించుట ఇంటివారికి ఎంతటి ఊరటయో ఊహింపదగినదే. మనము సంవత్సరీకములు పెట్టుదుము, అన్నదానము చేయుదుము. దుఃఖమునకు చేతులకును కాళ్ళకును పని కల్పించుట అన్ని జాతుల పెద్దలును కనిపెట్టిన ఉపాయమే. భారతదేశమున పుట్టి బ్రిటనులో స్థిరపడిన ఫౌజా సింగు కుమారుని మరణదుఃఖమును మరచుటకు ముదిమిలో పరుగు మొదలిడి, 2000లో తన 89వ యేట లండను మారథానును పూర్తిచేసెను. నెలలు నిండకుండ పుట్టిన శిశువుల సహాయసంస్థకై ఆయన పరుగెత్తెను. 2025 జులైలో పంజాబులో రోడ్డు ప్రమాదమున ఆయన మరణించు వరకు ముసలివారికి ఆయన పేరొక ధైర్యము.

ఐనను ఒక ప్రశ్నను దాటవేయరాదు. చనిపోవువాని నొప్పి తీరుట పరుగెత్తువాని కాళ్ళపై ఆధారపడియుండుట న్యాయమా? ప్రసవమునకు మంత్రసానియో డాక్టరో ఉండవలెనన్నది ప్రభుత్వ బాధ్యతయైనపుడు, మరణమునకు నర్సు ఉండవలెనన్నది మాత్రము చందాల పుస్తకమునకు విడువవచ్చునా? ధనికులు నివసించు పట్టణమున చందాలు ఎక్కువ, బీదలు నివసించుచోట తక్కువ. కాని క్యాన్సరు ధనికుని, బీదను చూచి రాదు. ధరలు, జీతములు పెరిగిన యేడు బ్రిటనులోని హాస్పిసులు కొన్ని మంచముల సంఖ్య తగ్గించుకొనవలసి వచ్చినది. 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వము ఇంగ్లండులోని హాస్పిసుల భవనములకు, పరికరములకు 10 కోట్ల పౌండ్లు ప్రకటించినది. మంచి పనియే. కాని భవనము రాత్రి రెండు గంటలకు రోగి నుదుట చేయి వేయదు. ఆ చేయి గల నర్సు జీతము మరల చందాల మీదనే పడినది.

మా ఉద్దేశములో నొప్పి తీర్చు మందు, ఆ మందు ఇచ్చుట తెలిసిన డాక్టరు, నర్సు, ఈ మూడును ప్రజలందరికిని హక్కుగా దొరకవలెను. వీనికి ప్రభుత్వమే పూచీపడవలెను. పరుగెత్తువారి సొమ్ము దానికి పైన చేరవలసినది. రోగి కోరిన తోట, రాత్రి తోడుండు బంధువునకు మంచము, తల్లిని కోల్పోయిన పిల్లలతో మాటలాడువారు, ఇంటికి పోయి చూచు బండి. మూల్యము హక్కుగాను, మమత కానుకగాను రావలెనని సంగ్రహముగా చెప్పవచ్చును.

మన దేశములో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఏటేట 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన శుశ్రూష అవసరము కాగా, అది లభించువారు నూటికి సుమారు 14 మంది మాత్రమే. భారతదేశము ప్రపంచపు ఔషధములకు నల్లమందు పండించి పంపు దేశము. ఐనను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మన ఆసుపత్రులకే మార్ఫీను దొరకుట దుర్లభమైనది. 2014లో ఆ చట్టమును సవరించి దారి కొంత సుగమము చేసిరి. 1986లో బొంబాయి బాంద్రాలో శాంతి అవేదనా సదన్ వెలసినది. 1993లో కోజికోడు వైద్యకళాశాలలో డాక్టరు రాజగోపాలును, ఆయన సహచరులును ఒక చిన్న చికిత్సాకేంద్రము తెరచిరి. అది కేరళమంతట వ్యాపించి, ఊరి ప్రజలు నెలకు కొద్దికొద్దిగా చందాలిచ్చి, తామే ఇంటింటికి పోయి రోగులను చూచు పద్ధతిగా రూపొందినది. అక్కడ పరుగు లేదు, పతకము లేదు. ప్రతి మాసమును తప్పని చిన్న చందా యున్నది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఈ సేవకు ఒక విధానమునే ప్రకటించినది. ప్రజలు ముందు నడువగా ప్రభుత్వము వెనుక వచ్చుట ఇట్లుండును.

మన హైదరాబాదులోను ఈ దీపము వెలిగినది. ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స జరుగుచున్నది. బంజారా హిల్స్ రోటరీ క్లబ్బువారు 2011లో స్పర్శ్ హాస్పిస్‌ను స్థాపించి రోగుల నుండి రుసుము తీసికొనక నడపుచున్నారు. నగరములో ఏటేట ఆగస్టు మాసమున మారథాను జరుగుచున్నది. వేకువనే హుస్సేన్ సాగరము ఒడ్డున బయలుదేరి గచ్చిబౌలి వరకు వేలమంది యువతీయువకులు పరుగెత్తుచున్నారు. 2004 నుండి జరుగుచున్న బొంబాయి మారథానులో ధర్మసంస్థల పక్షమున పరుగెత్తి చందాలు కూర్చు ఏర్పాటు స్థిరపడినది. కాళ్ళు ఇక్కడ ఉన్నవి, మంచములును ఇక్కడనే ఉన్నవి. రెండింటికి నడుమ దారి వేయువారు కావలెను.

శ్రోతలలో అందరును 26 మైళ్ళు పరుగెత్తజాలరు. వయస్సు మీరినవారు, గుండెజబ్బు గలవారు డాక్టరు సలహా లేక పూనుకొనరాదు. కాని ఒక దినమున మీ ప్రక్కింటి కుర్రవాడు తలుపు తట్టి, అత్తయ్యా, పరుగెత్తబోవుచున్నాను, చందా ఇత్తురా అని అడుగవచ్చును. అపుడు పనియేమియు లేదా యని గసరక, లోనికి పిలిచి మూడు ప్రశ్నలు వేయుడు. ఈ సొమ్ము ఏ గృహమునకు పోవును? అందులో ఎంత భాగము రోగి వద్దకు చేరును? నీవు ఎవరి పేర పరుగెత్తుచున్నావు? మొదటి రెండింటికి సరియైన సమాధానము చెప్పినచో చందా వ్రాయుడు. మూడవదానికి సమాధానము చెప్పునపుడు తొందరపెట్టక వినుడు. ఆ మాట ఎవరైన అడుగవలెననియే ఆతడు ఇంటింటికి తిరుగుచుండవచ్చును.

మన పెద్దలు అనాయాస మరణమును కోరి దేవుని ప్రార్థింతురు. ఆ ప్రార్థనలో సగము దైవాధీనము. తక్కిన సగము వేళకు అందవలసిన మందు, ఆ మందు పట్టుకొని మేలుకొనియున్న ఒక మనిషి. ఆ సగము మన చేతిలో నున్నది.